ముగ్గురిలో మొదటి స్థానం

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. నాలుగేళ్లుగా ఈత నేర్చుకుంటోంది. కిందటి నెల రాష్ట్రస్థాయి పోటీల్లో వంద మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మొదటి స్థానం వచ్చింది, బంగారు పతకం ఇచ్చారు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. పతకం మెళ్లో వేసుకున్న ఫొటో కింద ‘స్టేట్ ఛాంపియన్’ అని రాసి బంధువులందరికీ వాట్సాప్‌లో పంపాను. మా ఆడపడుచు కొడుకు కూడా అవే పోటీలకు వెళ్లాడు. రెండు రోజుల తర్వాత అందరం కలిసినప్పుడు ‘దాని గ్రూపులో ఉన్నదే ముగ్గురు, ముగ్గురికీ మూడు పతకాలు. ఈదకుండా నిలబడినా కంచు వచ్చేది’ అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచీ పిల్ల ముభావంగా ఉంటోంది. హాల్లో అద్దాల బీరువాలో పెట్టిన పతకం తీసి తన సొరుగులో పడేసింది. ‘అది నిజం పతకం కాదు, అసలు బంగారమే కాదు’ అంటోంది. నచ్చజెప్పబోతే ‘నువ్వు చెప్పకు, నీకన్నీ గొప్పే’ అని విసుక్కుంటోంది. ఆ పోటీల్లోనే యాభై మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఇరవయ్యారు మందిలో తొమ్మిదోదిగా వచ్చింది లెండి, అది అనుకున్నంతగా రాలేదు. మనసు విరిగి ఈత మానేస్తుందేమోనని భయంగా ఉంది. మొదటి బహుమతికి అసలు విలువే లేదా? బంగారు పతకమంటే ఒక అర్థం ఉండాలి కదా?
– ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మేనల్లుడి మీద కోపం వచ్చింది. రెండోసారి మీ పాప మీతో అన్న మాట ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు పతకం సంగతి చూద్దాం.

బరిలో ముగ్గురే ఉన్నారు, నిజం. ఆ ముగ్గురిలో మీ అమ్మాయి ముందు వచ్చింది, అదీ నిజమే. మీరు రెండోదాన్ని పట్టుకున్నారు, అతను మొదటిదాన్ని పట్టుకున్నాడు. రెండూ కలిపితేనే పతకం చెప్పే మాట పూర్తవుతుంది. ఫలానా రోజున, ఫలానా కొలనులో, ఈ అంశానికి పేరిచ్చి వచ్చి నిలబడినవాళ్లందరికంటే ముందు ఈ అమ్మాయి గోడ తాకింది. అంతవరకే. రానివాళ్ల గురించి పతకానికి ఏమీ తెలియదు. ఆ వేళ ఇళ్లలో నిద్రపోతున్న పిల్లల్లో ఎవరు ఎంత బాగా ఈదగలరో అది చెప్పలేదు, చెప్తానని అననూ లేదు.

ఇదేమీ చిన్న పోటీలకే వచ్చే చిక్కు కాదు. 1980లో మాస్కో ఒలింపిక్స్‌ను చాలా దేశాలు బహిష్కరించాయి. పురుషుల హాకీలో పాకిస్థాన్ లేదు, పశ్చిమ జర్మనీ లేదు, నెదర్లాండ్స్ లేదు, ఆస్ట్రేలియా లేదు. ఆడినవి ఆరే జట్లు. మనవాళ్లు టాంజానియా మీద 18–0తో గెలిచారు, ఫైనల్లో మాత్రం స్పెయిన్ మీద 4–3తో గట్టెక్కి బంగారం తెచ్చారు. హాకీలో మనకు ఎనిమిది ఒలింపిక్ బంగారాలని గర్వంగా చెప్పుకుంటాం కదా, ఆ ఎనిమిదిలో ఇదీ ఒకటి. ఏడున్నర అని ఎవరూ లెక్కపెట్టరు. అలాగని ఆ ఏడు పాకిస్థాన్‌ని ఓడించామనీ ఎవరూ అనరు. ఆ పోటీల్లోనే మహిళల హాకీని మొట్టమొదటిసారి పెట్టారు. రావలసిన జట్లు రాకపోతే ఖాళీ నింపడానికి ఆఖర్లో జింబాబ్వేను పిలిచారు. హడావుడిగా జట్టును కూర్చుకుని వెళ్లిన ఆ అమ్మాయిలు బంగారంతో తిరిగొచ్చారు. పిలవగానే వెళ్లడం, వెళ్లాక ఓడిపోకుండా ఉండడం వాళ్ల చేతిలో పని. ఎవరు రాలేదన్నది వాళ్ల చేతిలో లేదు.

ఈతలోనే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. పాపకు చెప్పండి, నవ్వుతుంది కూడా. 2000 సిడ్నీ ఒలింపిక్స్, పురుషుల వంద మీటర్ల ఫ్రీస్టైల్, ఒక హీట్, అంటే తొలి దశలో జరిగే విడి పోటీ. అందులో ఉన్నది ముగ్గురే. సరిగ్గా మీ అమ్మాయి కథే. ఇద్దరు సంకేతం రాకముందే నీళ్లలోకి దూకేసి అనర్హులయ్యారు. మిగిలినవాడు ఎరిక్ మౌసంబానీ, ఈక్వటోరియల్ గినియా నుంచి వచ్చాడు. సిడ్నీకి వచ్చేదాకా యాభై మీటర్ల కొలను చూసి ఎరగడు. ఒక్కడే ఈదాడు. చివరి పాతిక మీటర్లలో మునిగిపోతాడేమోనని చూసేవాళ్లకు గుండె దడ. జనం లేచి నిలబడి కేకలు వేస్తుంటే ఎలాగో గోడ పట్టుకున్నాడు. 1 నిమిషం 52.72 సెకన్లు పట్టింది. ఆ అంశంలో చివరికి బంగారం గెలిచిన వాన్ డెన్ హోగెన్‌బాండ్ టైము 48.30 సెకన్లు. అంటే ఎరిక్ రెట్టింపుకు పైగా తీసుకున్నాడు. అయినా ఫలితాల పట్టికలో ఆ హీట్ విజేతగా ఎరిక్ పేరే ఉంటుంది. సెమీఫైనల్‌కు మాత్రం వెళ్లలేదు, ఎందుకంటే హీట్ల నుంచి పైకి తీసుకునేది స్థానం చూసి కాదు, టైము చూసి.

స్థానం ఒకటి, టైము ఒకటి. మొదటిది పక్కవాళ్లను బట్టి మారుతుంది. రెండోది మీ అమ్మాయి సొంతం, పక్క లేనులో ప్రపంచ ఛాంపియన్ ఉన్నా, ఎవరూ లేకపోయినా. నీరజ్ చోప్రా 2021లో టోక్యోలో ఈటెను 87.58 మీటర్లు విసిరి బంగారం గెలిచాడు. 2024లో పారిస్‌లో 89.45 మీటర్లు విసిరాడు, టోక్యో కంటే దాదాపు రెండు మీటర్లు ఎక్కువ, అయినా రజతమే. ఆ రోజు పాకిస్థాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరాడు మరి. రెండు పతకాలూ ఎదురుగా పెట్టి, ఏ రోజు నీరజ్ బాగా విసిరాడో చెప్పమంటే పతకాల రంగు చూసినవాడు తప్పే చెబుతాడు.

ఇప్పుడు మీ ఉత్తరం మరోసారి చూడండి. మొదటి స్థానం రాశారు, తొమ్మిదో స్థానం రాశారు, ముగ్గురూ ఇరవయ్యారు మందీ అని రాశారు. పాప వంద మీటర్లు ఎంతసేపట్లో ఈదిందో రాయలేదు. నాలుగేళ్లుగా ఈతకు పంపుతున్న తల్లి రాసిన ఉత్తరంలో ఒక్క టైమూ లేదు. తప్పు పట్టడం లేదమ్మా, మనలో చాలామందిమి అంతే. పిల్లలు కొలను నుంచో మైదానం నుంచో రాగానే మన నోట వచ్చే మొదటి మాట ‘ఎన్నోదానివి?’ అనే. కోచ్‌ను అడిగి ఫలితాల పట్టిక తీసుకోండి. కిందటేడు ఇదే అంశంలో ఎంత, ఈసారి ఎంత అని పాపతోనే చూడండి. నాలుగైదు సెకన్లు తగ్గిందనుకోండి, ముగ్గురున్నా ముప్ఫై మందున్నా ఆ సెకన్లు ఆమెవి. తగ్గకపోతే అదీ తెలియాల్సిందే. ముగ్గురిలో మొదటి స్థానం వచ్చిందన్న సంబరంలో ఆ విషయం కనబడకుండా పోతుంది. ఆ తొమ్మిదో స్థానం దగ్గర ఇంకాస్త ఆగండి. ‘అనుకున్నంతగా రాలేదు’ అన్నది మీరా, పాపా? ఎనిమిది లేన్ల కొలనుల్లో తొమ్మిదో స్థానమంటే ఫైనల్‌ గడప దగ్గర ఆగినట్టు. పదిహేడు మందిని వెనక్కి నెట్టి అక్కడిదాకా వచ్చిన పిల్లకు తన ఈత గురించి బంగారు పతకం కంటే ఆ యాభై మీటర్లే ఎక్కువ చెప్పి ఉంటాయి. ఆ పూట పాప ముఖం ఎలా ఉందో ఎవరైనా చూశారా? అందరి కళ్లూ పతకం మీదే ఉండి ఉంటాయి.

మీ మేనల్లుడికి కూడా ఒక తప్పు దిద్దాలి. ఈదకుండా నిలబడితే ఎవరికీ కంచు రాదు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మలుపు దగ్గరా, చివర్లోనూ రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. కాళ్లు కప్పలా కదపాలి, రెండు కాళ్లూ కలిపి తోకలా ఆడించే డాల్ఫిన్ కిక్‌ మొదట్లో ఒకసారీ, మలుపు తర్వాత ఒకసారీ తప్ప వేయకూడదు. ఒక చెయ్యి ముందు తగిలినా చాలు, ఆ అంశంలో పేరు కొట్టేస్తారు. చాలామంది పిల్లలు ఫ్రీస్టైల్ వైపు పోవడానికి ఇదీ ఒక కారణమే. అక్కడ ఇరవయ్యారు మంది, ఇక్కడ ముగ్గురు ఎందుకున్నారో అతనే ఆలోచించుకోవచ్చు.

బంగారమే కాదు అంటోంది కదా. కాదు మరి. ఒలింపిక్స్‌లో ఇచ్చేదీ కాదు! పూర్తిగా బంగారంతో చేసిన ఒలింపిక్ పతకాలు 1912లో స్టాక్‌హోమ్‌లో ఇచ్చినవే ఆఖరివి. ఇప్పటివి కనీసం 92.5 శాతం వెండి, పైన ఆరు గ్రాముల బంగారు పూత. 1896లో ఏథెన్స్‌లో మొదటివాడికి ఇచ్చింది వెండి పతకమూ ఒక ఆలివ్ కొమ్మా. రెండోవాడికి కంచు, మూడోవాడికి ఏమీ లేదు. బంగారం, వెండి, కంచు అని మనం పుట్టినప్పట్నుంచీ ఉన్నట్టు చెప్పుకునే వరస 1904లో మొదలైంది. ప్రాచీన గ్రీకుల ఒలింపిక్ పోటీల్లో గెలిచినవాడికి అడవి ఆలివ్ ఆకుల కిరీటం పెట్టేవాళ్లు, రెండో స్థానానికి బహుమతే లేదు. ఆ ఆకులు ఎండిపోయేవి. అది కిరీటం కాదని ఎవరూ అనుకున్నట్టు లేదు.

ఇక మీరడిగిన అర్థం. బంగారు పతకానికి ఒకే అర్థం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారం అంటే మొదటి స్థానం కాదు. ఆరు లెక్కలు, మొత్తం 42 మార్కులు. పాల్గొన్నవాళ్లలో సుమారు సగం మందికి పతకాలొస్తాయి, బంగారం, వెండి, కంచు దాదాపు ఒకటికి రెండుకి మూడు చొప్పున. అంటే ఇంచుమించు పన్నెండు మందిలో ఒకరికి బంగారం. అక్కడ పతకం ‘ఈ మెట్టు ఎక్కావు’ అంటుంది. మీ పాప పతకం ‘వచ్చినవాళ్లలో ముందు వచ్చావు’ అంటుంది. వేరే రకం కూడా ఉంది, అది నాకు నచ్చదు. వయసుకో గ్రూపు, బరువుకో గ్రూపు, అందులో మళ్లీ ముక్కలు, చివరికి రుసుము కట్టిన ప్రతి పిల్లవాడికీ ఏదో ఒక ముక్కలో బంగారం వచ్చేలా తయారుచేసిన పోటీలు. పేరులో మాత్రం ‘అంతర్జాతీయ’ ఉంటుంది. మీ పాప వెళ్లింది అలాంటిది కాదనే అనిపిస్తోంది, ఒక అంశంలో ఇరవయ్యారు మంది ఉన్నారంటే. ఇకముందు పేరివ్వబోయే ముందు ఏ అంశంలో ఎంతమంది ఉంటారు, అర్హతకు కనీస టైము ఏమైనా పెట్టారా అని కోచ్‌ను అడగండి. అడిగితే తప్పేం లేదు, వాళ్లు చెబుతారు.

ముగ్గురు కాక మూడు వందల మంది ఉంటే మొదటి స్థానం గట్టిదైపోతుందని మాత్రం అనుకోకండి. 1972లో మ్యూనిక్‌లో నాలుగు రకాల ఈతలూ కలిసిన నాలుగు వందల మీటర్ల మెడ్లీలో గున్నార్ లార్సన్, టిమ్ మెకీ ఇద్దరికీ సెకన్లో వందో వంతు వరకు ఒకే టైము వచ్చింది. వెయ్యో వంతు దాకా వెళ్లి చూస్తే లార్సన్ 0.002 సెకన్లు ముందున్నాడు. ఆ వేగంలో అది మూడు మిల్లీమీటర్ల దూరం. ఒక లేనుకూ ఇంకో లేనుకూ గోడల మధ్య దూరంలోనే అంతకంటే ఎక్కువ తేడా ఉండొచ్చు. లార్సన్‌కు బంగారం, మెకీకి వెండి. ఆ తర్వాత నియమం మార్చారు, వందో వంతు దగ్గరే ఆపేస్తున్నారు. అందుకే 2016లో రియోలో మహిళల వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ ఇద్దరికీ 52.70 వస్తే ఇద్దరికీ బంగారమే ఇచ్చారు. మెకీ 1972లో కాక తర్వాత ఈదుంటే అతనూ విజేతే. ఈత అదే, చేతులు అవే, గడియారాన్ని ఎక్కడిదాకా చదవాలన్న నియమం మారింది.

నా దగ్గరా ఒక మొదటి బహుమతి ఉంది. ఎనిమిదో తరగతిలో వ్యాసరచనకు వచ్చింది. మా తరగతిలో నాకంటే బాగా రాసే అమ్మాయికి ఆ రోజు జ్వరం. ఆ సంగతి నాకు తెలుసు, ఆ అమ్మాయికి తెలుసు, ఇంట్లో మా నాన్నకు తెలియదు. ఆయన వచ్చినవాళ్లందరికీ ఆ సర్టిఫికెట్ చూపిస్తుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. బహుమతి వచ్చినందుకు కాదు నా సిగ్గు. ఆయన చెప్పే మాటల్లో ఉన్న పిల్ల నేను కానందుకు.

మీ పాప అన్న మాట దగ్గర నేను ఆగిపోయింది ఇందుకే. ‘నువ్వు చెప్పకు, నీకన్నీ గొప్పే.’ ముగ్గురే ఉన్నారని ఆమెకు మీ మేనల్లుడు చెబితే తెలిసిందనుకుంటున్నారా? స్టార్టింగ్ బ్లాక్ మీద నిలబడి అటూ ఇటూ చూస్తే ఖాళీ లేన్లు కనబడవూ? దూకకముందే ఆమెకు తెలుసు. తెలిసే ఈదింది, తెలిసే పతకం వేయించుకుంది, ఫొటోలో నవ్వింది. రెండు రోజులపాటు ఆ పతకం అద్దాల బీరువాలో బాగానే ఉంది. ఆమె నవ్వు ముగ్గురిలో మొదటి స్థానానికి సరిపోయే నవ్వు. మీరు దాని కింద ‘స్టేట్ ఛాంపియన్’ అని రాశారు. మాటకు మాటగా చూస్తే తప్పు కాదు, కాగితం మీద అంతే. కానీ చదివినవాళ్లు అనుకునేది వేరు, అలా అనుకోవాలనే మీరు రాశారు. నవ్వులపాలైంది పతకం కాదమ్మా, ఆ రెండు మాటలు. వాటిని మోయాల్సి వచ్చింది పాప.

కాబట్టి నచ్చజెప్పడం ఆపండి. ‘నువ్వు నిజంగా ఛాంపియన్‌వే’ అంటే ఆమె నమ్మదు, నమ్మనక్కర్లేదు కూడా. ‘పోనీలే, ముగ్గురేగా, వదిలెయ్’ అన్నా దెబ్బే. తీరిగ్గా ఉన్నప్పుడు ఒక మాట అనండి, ‘ముగ్గురున్నారన్న సంగతి నేను రాయలేదు, కావాలనే వదిలేశాను. నా గొప్ప కోసం రాసుకున్నాను, నువ్వు మాట పడ్డావు. తప్పు నాది’ అని. దానికి కొసరుగా సలహాలూ నీతులూ పెట్టకండి. ఆమె ఏమీ అనకపోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. వెంటపడకండి. నలుగురిలో నవ్విన ఆ కుర్రాడితో గొడవ పెట్టుకోకండి, అతను అన్నదాంట్లో సగం నిజం ఉంది. కానీ మళ్లీ ఎప్పుడైనా ఆ మాట తెస్తే మీరే చెప్పండి, పాప పక్కన ఉండగా, ‘అవును, ముగ్గురున్నారు, ముగ్గురిలో మొదట వచ్చింది, టైము ఇంత’ అని. గొంతు పెంచకుండా అనండి. దాచడానికి ఏమీ లేదని తెలిశాక వెక్కిరించేవాడికి సరుకుండదు.

మానేస్తుందేమో అన్నారు. మానేస్తానని పాప అన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పతకం సొరుగులో పెట్టిందన్నారు కానీ ప్రాక్టీసుకు వెళ్లడం లేదని రాయలేదు. పొద్దున్నే లేచి బ్యాగు సర్దుకుంటోందంటే ఆ భయం మీది, ఆమెది కాదు. నిజంగానే వెళ్లడం మానేస్తే అప్పుడు మళ్లీ రాయండి, అది వేరే ఉత్తరం అవుతుంది.

పతకాన్ని తిరిగి బీరువాలో పెట్టాలా అని మీరు అడగలేదు కానీ చెయ్యి ఆ సొరుగు వైపు పోతూనే ఉంటుందని నాకు తెలుసు. పెట్టకండి. అది ఆమె గెలుచుకున్నది, ఎక్కడ ఉండాలో ఆమె ఇష్టం. ఫలితాల పట్టిక తెచ్చి ఇచ్చినప్పుడు మాత్రం, ఒప్పుకుంటే, పతకం రిబ్బన్‌కు చిన్న చీటీ ఒకటి కట్టుకోమనండి. తేదీ, అంశం, టైము, ఎంతమందిలో. ఆమె చేతిరాతతోనే. వచ్చే పోటీల్లో ఎన్నో స్థానం వచ్చినా ఫొటో మీరు తీయండి. కింద ఏం రాయాలో ఆమెను అడిగి, ఆమె చెప్పిందే రాసి పంపండి. ఏమీ రాయొద్దంటే ఏమీ రాయకండి.